‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని జవాబొచ్చిందా? ముందు మీ (అ) చూడండి

సెషన్ మొదలైన రెండో వారం నుంచి నా ఫోన్‌కి ఫొటోలు వస్తుంటాయి. మంత్రిగారి జవాబు కాగితం ఫొటో, దాని కింద “అన్నా, ఇదేంటి ఇలా వచ్చింది?” అని ఒక్క ముక్క. పంపేది కొత్తగా చేరిన పీఏలు, ఒక్కోసారి సభ్యులే. కొన్నాళ్లు ఎమ్మెల్యేల దగ్గర, ఆ తర్వాత ఢిల్లీలో ఎంపీల దగ్గర ప్రశ్నలు రాసే పనే చేశాను కాబట్టి ఫొటో పూర్తిగా తెరుచుకోకముందే జబ్బేదో తెలిసిపోతుంది. చాలాసార్లు అదే జబ్బు: ప్రశ్నలో మొదటి ముక్క (అ)కి ‘కాదండి’ అని, మిగతా ముక్కలకి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని జవాబు. అయినా ప్రతి సెషన్‌కీ కొత్తగా అడుగుతారు, నేనూ కొత్తగా చెప్తాను. ఈసారి రాసి పెడుతున్నా.

స్టార్ ప్రశ్నకి సభలో నోటితో, అన్‌స్టార్ ప్రశ్నకి కాగితం మీద జవాబు వస్తుందని మీకు తెలుసనే అనుకుంటున్నాను. కింద చెప్పే అంకెలు లోక్‌సభవి. రాజ్యసభలో, మన రెండు అసెంబ్లీల్లో అంకెలు వేరుగా ఉంటాయి. జబ్బులు మాత్రం అన్నిచోట్లా ఇవే.

సమస్య: ప్రశ్న లిస్టులోకే రాలేదు

పాత జవాబులు వెతికారా? నేను మొదట అడిగేది ఇదే, నూటికి తొంభై మంది నీళ్లు నమిలేదీ ఇక్కడే. ఇదివరకే జవాబు వచ్చిన ప్రశ్నని అటూ ఇటూ తిప్పి రాసినా మళ్లీ తీసుకోరు. పార్లమెంటు వెబ్‌సైట్‌లో శాఖ పేరు, ఒక ముఖ్యమైన మాట కొట్టి చూడటం రెండు నిమిషాల పని. మా దగ్గర ఒక కుర్రాడు మూడు రోజులు కూర్చుని రాసిన ప్రశ్నకి, అంతకు ముందు సెషన్‌లోనే జిల్లాలవారీ పట్టికతో సహా జవాబు ఉంది. అది దొరికి ఉంటే ఆ పట్టికలో మన జిల్లా ఎందుకు అడుగున ఉందో అడిగేవాడు.

వెతికారు, కొత్త ప్రశ్నే. అయితే శాఖ, తేదీ చూడండి. మంత్రిత్వ శాఖలను ఐదు గ్రూపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా పంచుతారు. మీ శాఖది మంగళవారమైతే బుధవారం పేరుతో పంపిన నోటీసు (ప్రశ్న రాసి సభ సచివాలయానికి పంపే కాగితం) ఎటూ కాకుండా పోతుంది. గడువు పదిహేను పూర్తి రోజులు. నోటీసు ఇచ్చిన రోజు, జవాబు రావాల్సిన రోజు ఈ లెక్కలోకి రావు. వేళ్ల మీద లెక్కపెట్టి ఒక రోజు తప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అదీ సరిగానే ఉంటే, ప్రశ్న ఎలా ఉండాలో చెప్పే లోక్‌సభ 41వ నియమం చూడండి. 150 పదాలు దాటకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు, ‘ఒకవేళ ఇలా జరిగితే’ అని ఊహించకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు, కోర్టులో నడుస్తున్న విషయం అడగకూడదు. ‘రైతుల గోడు పట్టని ప్రభుత్వం’ అని మొదలుపెడితే అది ప్రెస్‌మీట్‌కి పనికొస్తుంది, నోటీసుకి కాదు. విశేషణాలన్నీ కొట్టేసి చదవండి. ఏమీ మిగలకపోతే అందులో మొదటినుంచీ ప్రశ్న లేదన్నమాట.

కేంద్రానికి సంబంధం లేని విషయమైనా ఇదే గతి. మీ ఊరి స్టేషన్‌లో ఎస్సై లేడని లోక్‌సభలో అడిగితే, పోలీసు రాష్ట్ర జాబితాలోదని పక్కన పెడతారు. అదే, పోలీసు బలగాల ఆధునికీకరణకి కేంద్రం మీ రాష్ట్రానికి ఏ ఏడాది ఎంత ఇచ్చింది, అందులో ఎంత ఖర్చయినట్టు లెక్క వచ్చింది అని అడిగితే తీసుకోక తప్పదు. కేంద్రం రూపాయి ఎక్కడుందో పట్టుకోండి, ప్రశ్న అక్కడే ఉంటుంది.

సమస్య: స్టార్ పెట్టాం, అన్‌స్టార్‌గా వచ్చింది

బ్యాలెట్, అంటే లాటరీ తీయడం. రోజుకి స్టార్ ప్రశ్నలు 20, అన్‌స్టార్ 230. ఒక సభ్యుడికి రోజుకి ఒక్క స్టారే. ఇందులో బాగుచేసేది ఏమీ లేదు, లాటరీ తగల్లేదని టికెట్‌ని తప్పుపట్టం కదా. పైగా స్టార్ వచ్చినా పద్నాలుగో నంబరులో ఉంటే మీ వంతు రాకుండానే పన్నెండయి ప్రశ్నోత్తరాల గంట అయిపోతుంది. పట్టికలు, అంకెలు కావాలంటే అన్‌స్టారే నయమని నా లెక్క.

సమస్య: ‘(అ) కాదండి. (ఆ) నుంచి (ఈ): ప్రశ్న ఉత్పన్నం కాదు’

నాకు వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం ఇదే. మంత్రి తప్పించుకున్నాడని అందరూ అనుకుంటారు. తప్పించుకునే తలుపు తెరిచి పెట్టింది ప్రశ్న రాసినవాడు. నేనే తెరిచాను ఒకసారి, అది చెప్తాను.

అప్పుడు ఒక ఎమ్మెల్యే గారి దగ్గర ఉన్నాను. వానలకి నియోజకవర్గంలో ఒక వాగు పొంగి నాలుగు ఊళ్లకి దారి తెగింది. రాత్రి తొమ్మిదికి ఊరినుంచి ఫోన్, “బాబూ, వంతెన పోయింది” అని. నేను పొద్దున్నే ప్రశ్న రాశాను, అందరూ రాసే పద్ధతిలోనే:

అ) ఫలానా గ్రామం వద్ద వంతెన ఇటీవలి వర్షాలకు కూలిపోయిన విషయం వాస్తవమేనా;
ఆ) అయితే, అందుకు కారణాలు ఏవి;
ఇ) నిర్మాణ లోపాలపై విచారణ జరిపించారా;
ఈ) కొత్త వంతెనకు ఎంత మొత్తం మంజూరు చేశారు?

జవాబు: అ) కాదండి. ఆ) నుండి ఈ): ప్రశ్న ఉత్పన్నం కాదు.

వంతెన నిలబడే ఉంది. కొట్టుకుపోయింది దానికి రెండువైపులా ఉన్న అప్రోచ్ రోడ్డు. వాగు మధ్యలో వంతెన ఒక్కటే మిగిలి, ఎటునుంచీ ఎక్కే దారి లేక, జనం నడుముల్లోతు నీళ్లలో దిగి పోతున్నారు. ఊళ్లో దానికి ‘వంతెన పోయింది’ అనే అంటారు. ఫైల్లో అలా అనరు. ఎమ్మెల్యే గారు లాబీలో ఆ కాగితం నా చేతికిచ్చి, “ఏమయ్యా, వంతెన కూలలేదంట కదా?” అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. వారం తిరక్కుండా అదే కాగితం జిరాక్సులు ఊరి టీ బంకుల్లో చేతులు మారాయి, కూలని వంతెన గురించి మీ ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగాడట అని.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించండి. జవాబు మంత్రి చదువుతాడు కానీ తయారుచేసేది శాఖలో సెక్షన్ వాళ్లు. సభకి తప్పు సమాచారం ఇస్తే సభాహక్కుల నోటీసు వస్తుందని వాళ్ల టెన్షన్. అడగనిది చెప్తే పైవాళ్లతో చీవాట్లు. అందుకని మీ ప్రశ్నని మాటకి మాట విడదీసి చదువుతారు. ‘వంతెన’, ‘కూలిపోయిన’. రెండింట్లో ఒకటి తప్పైనా ‘కాదండి’ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆపైన మీరే ‘అయితే’ అని రాసి మిగతా మూడింటినీ (అ)కి కట్టేశారు. గుంజ ఊడితే పశువులన్నీ పోయినట్టు ఒక్క మాటతో నాలుగు ముక్కలూ పోయాయి.

బాగుచేయడానికి నేను వాడే పరీక్ష ఒకటే. నోటీసు పంపేముందు (అ) మీద బొటనవేలు పెట్టి మూసేయండి. దానికి ‘కాదండి’ అని జవాబు వచ్చిందనుకుని మిగతావి చదవండి. ఒక్కొక్కటీ తనంతట తాను నిలబడితే పంపండి. కూలబడితే తిరగరాయండి. ఆ వంతెన ప్రశ్న ఇప్పుడైతే ఇలా రాస్తాను:

అ) ఫలానా రోడ్డులో ఫలానా గ్రామం వద్ద గల వంతెన మీదుగా, దాని అప్రోచ్ రోడ్ల మీదుగా ఫలానా తేదీ నుంచి ఎన్ని రోజులు రాకపోకలు నిలిచాయి;
ఆ) ఆ వంతెన, అప్రోచ్ రోడ్ల నిర్మాణానికి, మరమ్మతులకు గత మూడేళ్లలో ఏడాదివారీగా ఎంత ఖర్చు చేశారు;
ఇ) వాటిని చివరిసారి ఏ తేదీన తనిఖీ చేశారు;
ఈ) వాటి పునరుద్ధరణకు ఇంతవరకు మంజూరు చేసిన మొత్తం ఎంత?

‘వాస్తవమేనా’ లేదు, ‘అయితే’ లేదు. ‘ఎన్ని’, ‘ఎంత’, ‘ఏ తేదీన’ అన్నవాటికి ‘కాదండి’ అని రాయలేరు. మహా అయితే ‘సున్నా’ అని రాయాలి, ఆ సున్నా మీకు పనికొస్తుంది.

ఇదే జబ్బు ఇంకో వేషంలోనూ వస్తుంది: ‘అలాంటి లెక్కలు నిర్వహించడం లేదు.’ 2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో అదే జరిగింది. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకి పోతూ ఎందరో వలస కార్మికులు చనిపోయిన సంగతి ప్రభుత్వానికి తెలుసా, వివరాలేమిటి, వాళ్ల కుటుంబాలకి పరిహారం ఇచ్చారా అన్నది ప్రశ్న. కార్మిక శాఖ జవాబు, అలాంటి లెక్కలు నిర్వహించడం లేదు, కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు అని. దేశమంతా మండిపడింది. నాకూ మండింది. కానీ అదే వారంలో రాజ్యసభలో రైల్వే శాఖని, వలస కార్మికుల కోసం నడిపిన శ్రామిక్ స్పెషల్ రైళ్లలో మరణాల గురించి అడిగితే అంకె వచ్చింది: సెప్టెంబరు 9 నాటికి 97 మంది. కార్మిక శాఖ కన్నా రైల్వేకి జాలి ఎక్కువని కాదు. రైల్లో ఎవరైనా అసహజంగా చనిపోతే పోలీసులు కేసు రాయాలి, చాలాసార్లు శవాన్ని పోస్ట్‌మార్టానికి పంపుతారు, అంటే ఎక్కడో ఒక రిజిస్టరులో ఆ పేరు పడి తీరుతుంది. దారిలో నడుస్తూ చనిపోయినవాళ్ల లెక్క మాత్రం తమ దగ్గర లేదని కార్మిక శాఖే చెప్పింది.

2021 జులై 20న రాజ్యసభలో ఇచ్చిన ఆక్సిజన్ జవాబు కూడా మీకు గుర్తుండే ఉంటుంది. రెండో వేవ్‌లో ఆక్సిజన్ లేక పెద్దసంఖ్యలో రోగులు చనిపోయిన విషయం వాస్తవమేనా అని అడిగారు. ఆక్సిజన్ కొరత వల్ల చనిపోయినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ‘ప్రత్యేకంగా’ తెలియజేయలేదని ఆరోగ్య శాఖ అంది. ఆ ‘ప్రత్యేకంగా’ అన్న ఒక్క మాట మీద జవాబంతా నిలబడింది. టీవీలన్నీ ఆ వాక్యం పట్టుకుని కూర్చున్నాయి. అదే జవాబులో ఇంకో సంగతి ఉంది: మొదటి వేవ్‌లో మెడికల్ ఆక్సిజన్ గరిష్ఠ గిరాకీ రోజుకి 3,095 టన్నులు, రెండో వేవ్‌లో దాదాపు 9,000 టన్నులకు చేరింది అని. మరణాల లెక్కకి రాష్ట్రాలవైపు చూపించిన శాఖ ఈ అంకె ఎందుకిచ్చింది? ఆక్సిజన్‌ని రాష్ట్రాలకి పంచిపెట్టింది కేంద్రమే కాబట్టి, ఆ లెక్క తన ఫైల్లోనే ఉంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఏ రాష్ట్రం రోజుకెన్ని టన్నులు అడిగింది, ఎన్ని కేటాయించారు, ఎన్ని చేరాయి అని అడిగి ఉంటే ‘ప్రత్యేకంగా’ అనడానికి చోటుండేది కాదు.

కాబట్టి ప్రశ్న రాసేముందు, నాక్కావలసిన ఈ అంకెని ప్రభుత్వంలో ఎవరు, ఏ పని కోసం, ఏ కాగితం మీద రాసుకుంటారు అని ఆలోచించండి. జవాబు తట్టకపోతే ఆ శాఖలో రిటైరైన ఉద్యోగిని ఒక టీ తాగుతూ అడగండి. పథకం పేరు కూడా జీవోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. జనం నోట్లో పేరు వేరు, ఫైల్లో పేరు వేరు అయితే ‘అటువంటి పథకమేదీ లేదు’ అని వస్తుంది.

సమస్య: ‘సమాచారం సేకరిస్తున్నాం, సభా సమక్షంలో ఉంచుతాం’

దీన్ని జవాబు రాలేదని పారేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఇది హామీ. ‘పరిశీలనలో ఉంది’ అన్నది కూడా చాలాసార్లు హామీ కిందకే వస్తుంది. లోక్‌సభలో 1953 నుంచీ ప్రభుత్వ హామీల కమిటీ ఉన్నది ఇలాంటివాటి కోసమే. మూడు నెలల్లో నెరవేర్చాలి. ఆ రోజే ఫోన్‌లో మూడు నెలల తర్వాతి తేదీకి అలారం పెట్టండి. గడువు దాటితే ప్రశ్న నంబరు, తేదీ రాసి సభ్యుడి లెటర్‌హెడ్ మీద కమిటీకి ఉత్తరం. ఇంతకన్నా పని లేదు.

సమస్య: మంత్రి ఎదురుగా ఉన్నా అనుబంధ ప్రశ్న తుస్సుమంది

ప్రశ్న వేసిన సభ్యుడికి మామూలుగా రెండు అనుబంధ ప్రశ్నలు, అంటే మంత్రి జవాబు విన్నాక సభలో అక్కడికక్కడే అడిగేవి. మనవాళ్లు మొదటిదాన్ని ఉపన్యాసం చేస్తారు, చివర్లో ప్రశ్నార్థకం తగిలిస్తారు. మంత్రి ఆ ఉపన్యాసానికి ఉపన్యాసంతో జవాబిచ్చి కూర్చుంటాడు. ఈ దేశంలో చట్టసభలో ప్రశ్న అడిగే హక్కు 1892లో వస్తే, అనుబంధ ప్రశ్న అడిగే హక్కు 1909 దాకా రాలేదు. పదిహేడేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్నదాన్ని మంత్రిగారికి ధన్యవాదాలు చెప్పడానికి వాడతారు. ఒక్క వాక్యం, ఒక్క అంకె, అదీ సభ ముందుంచిన జవాబులోంచే తీసింది. చీటీ మీద రాసి సభ్యుడి జేబులో పెట్టండి.

మిగతావి

సభ వాయిదా పడితే స్టార్ ప్రశ్న జవాబు కాగితం మీద వచ్చేస్తుంది, పోయేది అనుబంధ ప్రశ్నే. విషయం ముఖ్యమైతే మూడు రోజుల ముందు నోటీసుతో అరగంట చర్చ అడగొచ్చు. పదిహేను రోజులు ఆగకుండా అడిగే స్వల్ప వ్యవధి ప్రశ్నకి మంత్రి ఒప్పుకోవాలి, కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోకండి. దేశ భద్రత, క్యాబినెట్ రహస్యం అంటే వదిలేయండి. సభ్యుడే రాకపోతే నేనేం చేయలేను. 2009 నవంబరులో ఒకరోజు ప్రశ్నలు వేసినవాళ్లే లేక లోక్‌సభ ప్రశ్నోత్తరాలు మధ్యలో ఆగిపోయాయి. ప్రశ్న మేమే రాసిస్తాం, మీరు పంపితే చాలు అని ఎవరైనా కవరు పట్టుకుని వస్తే, 2005 డిసెంబరులో 11 మంది ఎంపీల సభ్యత్వం దేనికి పోయిందో చదవండి.

ఇక నాకు ఫొటో పంపేటప్పుడు జవాబు ఒక్కటే పంపకండి. మీరు పంపిన నోటీసు, లిస్టులో అచ్చయిన ప్రశ్న కూడా పంపండి. సచివాలయం వాళ్లు ప్రశ్నని దిద్దుతారు, రెండు మూడు ముక్కల్ని ఒకటి చేస్తారు. మీరు తీసేసిన ‘అయితే’ అక్కడ మళ్లీ వచ్చి కూర్చున్న సందర్భాలు నేను చూశాను.