ఇంటర్ నుంచి కాక్‌పిట్ దాకా: నల్లగొండ, పాలమూరు పిల్లలు పైలట్ కావాలంటే

పిల్లలు పైలట్ అవుతామనగానే మన దగ్గర చాలా ఇళ్లలో మొదట జరిగేది ఫ్లయింగ్ స్కూల్‌కు అడ్వాన్స్ కట్టడం. మెడికల్ సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది. ఇది తలకిందుల పని. ముందు మెడికల్, ఆపై కాగితాలు, ఆపై పరీక్షలు, అన్నిటికన్నా చివర డబ్బు. ఈ వరుస తప్పితే కట్టిన లక్షలు ఇరుక్కుంటాయి.

అర్హత పెద్ద చిక్కేమీ కాదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ పాసై ఉండాలి. కమర్షియల్ లైసెన్స్ చేతికి రావాలంటే 18 ఏళ్లు నిండాలి. స్టూడెంట్ పైలట్ లైసెన్స్ మాత్రం 16 ఏళ్లకే ఇస్తారు. బైపీసీ చదివినవాళ్లు ఓపెన్ స్కూల్‌లో మ్యాథ్స్ రాసి పాసైతే సరిపోతుంది. ఇంజినీరింగ్ అక్కర్లేదు.

మెడికల్ రెండు మెట్లు. మొదట క్లాస్ 2, దీన్ని డీజీసీఏ (దేశ విమానయాన నియంత్రణ సంస్థ) జాబితాలో ఉన్న డాక్టర్లే చేయాలి, హైదరాబాద్‌లో అయిపోతుంది. తర్వాత క్లాస్ 1, అది లేకుండా కమర్షియల్ పైలట్ లైసెన్స్ (సీపీఎల్) రాదు. రక్తం, మూత్రం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, వినికిడి, కంటిచూపు అన్నీ చూస్తారు. కళ్లద్దాలుంటే భయపడనక్కర్లేదు, అద్దాలతో 6/6 వస్తే, పవర్ పరిమితిలో ఉంటే చాలు. అసలు గండం రంగుల గుర్తింపు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని సంగతి చాలామందికి ఆ రోజుదాకా తెలియనే తెలియదు. అందుకే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కంటి డాక్టర్ దగ్గర ముందుగానే ఇషిహారా చుక్కల పుస్తకం చూపించమనండి. కొద్ది నిమిషాల పని, ఖర్చూ తక్కువే. చెవిలో గుబిలి ఉంటే తీయించుకుని వెళ్లండి. బీపీ, హిమోగ్లోబిన్, బరువు లాంటివి తేడాగా ఉంటే 'తాత్కాలిక అన్‌ఫిట్' అని రాస్తారు, వైద్యం చేయించుకుని మళ్లీ వెళ్లొచ్చు. రెండు మెడికల్స్ చేతికొచ్చేదాకా ఎవరికీ రూపాయి కట్టొద్దు.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా తట్టుకుని పడేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగులుతుంది. పాస్‌పోర్ట్‌లో ఇంకో రకం. డీజీసీఏ పరీక్షలకు కంప్యూటర్ నంబర్ కావాలి, అంటే అభ్యర్థి రిజిస్ట్రేషన్ నంబర్. దానికి దరఖాస్తు చేసేటప్పుడు టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నిట్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. టెన్త్ మెమోనే ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్పించండి. ఇంటర్ మెమో అసలుదేనని బోర్డు ధ్రువీకరించాలి కూడా. మన బోర్డు ఆఫీసు హైదరాబాద్ నాంపల్లిలో ఉంది. ఇంత పట్టుదల ఎందుకంటే, 2011లో నకిలీ మార్కుల మెమోలతో, ఎగరని గంటలు రాసిన లాగ్‌బుక్కులతో లైసెన్సులు తీసుకున్నవాళ్లు బయటపడ్డారు, అరెస్టులూ జరిగాయి.

పరీక్షలు: ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, నడిపే విమానం మీద టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతిదాంట్లో 70 శాతం రావాలి, నెగటివ్ మార్కులు లేవు. రెగ్యులేషన్స్ బట్టీతో గట్టెక్కుతుంది, నావిగేషన్ గట్టెక్కదు. అందులో రోజూ పనికొచ్చేది 60కి 1 లెక్క: 60 నాటికల్ మైళ్లు వెళ్లాక మ్యాప్ మీద వేసుకున్న దారి గీతకు 4 మైళ్లు పక్కకు జరిగారంటే 4 డిగ్రీల తప్పు, 30 మైళ్లకే 4 మైళ్లు జరిగితే 8 డిగ్రీలు. కాగితం లేకుండా ఇది నోటికి వచ్చేదాకా సాధన చేయాలి. ఫ్లయింగ్ మొదలు కాకముందే వీలైనన్ని పేపర్లు తీసేయండి. ఎండలో ఎగిరొచ్చి రాత్రి చదువుదామంటే కుదిరే పని కాదు.

రేడియో లైసెన్స్ అయిన ఆర్‌టీఆర్ వేరే. తెలుగు మీడియం పిల్లలు జంకేది దీనికే, కానీ ఇక్కడ అడిగేది కాన్వెంట్ ఇంగ్లిష్ కాదు, కట్టుదిట్టమైన కొద్ది మాటలు. టవర్ 'లైన్ అప్ అండ్ వెయిట్' (రన్‌వే మీదకొచ్చి ఆగు) అంటే అదే మాట, రన్‌వే నంబర్, మీ కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు) తిరిగి చెప్పాలి. 'ఎస్' అనకూడదు, 'అఫర్మ్' అనాలి. మూడును 'ట్రీ' అని, ఐదును 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకాలి. చాలామంది తప్పేది భాష రాక కాదు, తొందరపడి కాల్‌సైన్ మింగేసి. వీటికి తోడు ఇంగ్లిష్ ప్రావీణ్యంలో కనీసం లెవెల్ 4 రావాలి.

ఇక ఫ్లయింగ్. మొత్తం 200 గంటలు, అందులో పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదేగా, 100. ఆ హోదాలోనే 20 గంటల క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి దూరంగా ఇంకో చోటికి ఎగరడం), దాంట్లో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, మధ్యలో రెండు వేర్వేరు ఎయిర్‌పోర్టుల్లో దిగి. రాత్రిపూట 5 గంటలు. ఎయిర్‌లైన్ ఉద్యోగానికైతే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత), రెండింజిన్ల విమానం రేటింగ్ కూడా ఉండాల్సిందే.

స్కూల్ ఎంపికలో బ్రోచర్ చూడకండి, లెక్క అడగండి. ఎగిరే స్థితిలో విమానాలెన్ని, విద్యార్థులెందరు, పోయిన నెల ఒక్కొక్కరు సగటున ఎన్ని గంటలు ఎగిరారు? నెలకు 15 గంటలు దొరికితే 200 గంటలు దాదాపు 14 నెలల్లో అవుతాయి. 5 గంటలే దొరికితే 40 నెలలు. ఇన్‌స్పెక్షన్‌కు ఆగిన విమానం, వెళ్లిపోయిన ఇన్‌స్ట్రక్టర్, ఉత్తరాదిలో చలికాలపు పొగమంచు, ఇవే గంటలను మింగేవి. ఆఫీసులో కాదు, హాస్టల్‌లో అడిగితే నిజం తెలుస్తుంది. 2025 నుంచి డీజీసీఏ స్కూళ్లకు ర్యాంకులిస్తోంది, అదీ చూడండి. ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని కేంద్ర ప్రభుత్వ అకాడమీకి ఎంట్రన్స్ ఉంటుంది, తప్పక రాయండి. నాగార్జునసాగర్ పక్క శిక్షణ విమానాలు తిరగడం హాలియా, పెద్దవూర వాళ్లకు తెలిసిందే. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర అలాంటిదొకటి కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి చనిపోయింది. సోలోకు పంపే ముందు ఏమేం చూస్తారో ప్రతి స్కూల్‌నూ నిలదీసి అడగండి. ఫీజు మాత్రం గంటల లెక్కన, విడతలుగా కట్టాలి. ఒకేసారి కడితే డిస్కౌంట్ అన్నవాళ్ల దగ్గర మరింత జాగ్రత్త.

సీపీఎల్‌కు దేశంలో సుమారు 50 నుంచి 70 లక్షలు. 7.5 లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. పదెకరాల పట్టా పాస్‌బుక్కు ఉంది కదా అనుకోవద్దు. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు వేలం వేసుకునే సర్ఫేసీ చట్టం సాగు భూమికి వర్తించదు, బాకీ పడితే బ్యాంకు దాన్ని సులువుగా వేలం వేయలేదు కాబట్టి చాలా బ్రాంచీలు ఒప్పుకోవు. అనుమతి లేని లేఅవుట్ ప్లాటుదీ అదే గతి. పర్మిషన్ ఉన్న ఇల్లు, అప్రూవ్డ్ ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే నడుస్తుంది.

లైసెన్స్‌తో ఖర్చు ఆగదు. ఎయిర్‌బస్ ఏ320 లాంటి దాని టైప్ రేటింగ్‌కు (ఆ రకం విమానం నడిపే అర్హతకు) ఇంకో 15 లక్షల పైమాటే. సీపీఎల్ వచ్చినంత మాత్రాన ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) సీటు వెంటనే రాదు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టొచ్చు. కెప్టెన్ సీటుకు కావాల్సిన పై లైసెన్స్ ఏటీపీఎల్‌కైతే (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్) 1500 గంటలుండాలి. లైసెన్స్ పదేళ్లు చెల్లినా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, క్లాస్ 1 మెడికల్ ఏడాదికోసారి రెన్యూ చేయించుకోవాలి, రేటింగ్ కోసం మళ్లీ కొన్ని గంటలు సొంత ఖర్చుతో ఎగరాలి. కనీసం రెండేళ్ల రెన్యువల్ ఖర్చు, లోన్ వడ్డీ బడ్జెట్‌లో మొదటే పక్కన పెట్టండి.