మొదటి ఇంటర్వ్యూకి తయారయ్యేవాళ్లకి: రెజ్యూమేలో ప్రతి లైనుకీ రెండు నిమిషాల మాట

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు కాలేజీల్లో డిగ్రీయో డిప్లొమానో ఐటీఐనో పూర్తిచేసి మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు ఎక్కువగా తడబడేది కష్టమైన ప్రశ్న దగ్గర కాదు, తమ కాగితం మీద తామే రాసుకున్న మాట దగ్గర. రెజ్యూమేలో 'ఎమ్మెస్ ఎక్సెల్' అని ఉంటుంది. అందులో వీలుకప్ (VLOOKUP) అనే ఫార్ములా ఎప్పుడైనా వాడావా అని అడిగితే నోరు పెగలదు. ప్రాజెక్టు పేరు రెండు లైన్లుంటుంది. అందులో నువ్వు చేసిన పనేంటి అంటే పక్కవాడి పని చెబుతారు. అందుకని తయారీ మొత్తాన్నీ ఒక్క పని చుట్టూ పెట్టుకోండి. రెజ్యూమేలో ఉన్న ప్రతి లైను గురించీ ఆగకుండా రెండు నిమిషాలు మాట్లాడగలగాలి. మాట్లాడలేని లైనుని కొట్టేయాలి.

కొత్తవాళ్లకి రెజ్యూమే ఒక్క పేజీ చాలు. నెట్ సెంటర్లో ఎవరిదో ఫైలు తెరిచి పేరు మార్చి ప్రింటు తీసుకోవద్దు. అదే 'కెరీర్ ఆబ్జెక్టివ్', అదే 'పాటలు వినడం, క్రికెట్ ఆడటం' ఆ రోజు వచ్చిన పది రెజ్యూమేల్లోనూ కనిపిస్తుంది. ఆబ్జెక్టివ్ తీసేసి ఆ చోట ఏ ఉద్యోగానికి వచ్చారో, మీకు చేతనైన పనులేంటో మూడు లైన్లు రాయండి. ఫోన్ నంబరు ఇంకో రెండు నెలలు పనిచేసేదే ఇవ్వండి. ఈమెయిల్ మీ పేరుతో ఉండాలి. కులం, మతం, అమ్మానాన్నల ఉద్యోగం రాయక్కర్లేదు. బ్యాక్‌లాగ్స్ ఉండి పాసైతే అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. మార్కుల మెమోలో పాసైన నెల, సంవత్సరం ఎలాగూ ఉంటాయి, దాచితే ఒక్క చూపులో బయటపడుతుంది.

రెజ్యూమే కుదిరాక ఒక పెన్ను తీసుకుని ప్రతి లైను పక్కనా నాలుగు మాటలు రాయండి: ఏం చేశాను, దేంతో చేశాను, ఎక్కడ ఇబ్బందైంది, ఎలా సరిచేశాం. వాక్యాలు రాయొద్దు. వాక్యాలు బట్టీ కొడితే మధ్యలో ఒక్క పదం జారినా మిగతాదంతా ఆగిపోతుంది. ఆ మాటలు చూసుకుంటూ ఫోన్లో రికార్డు చేసి, వెంటనే విని, మళ్లీ చెప్పండి. మూడోసారికి 'అంటే', 'మరి' అని సాగదీసేవి సగానికి పడిపోతాయి. మనసులో అనుకుంటే సరిపోదు, గొంతు తెరిచి చెప్పాలి. ఇంట్లో సిగ్గనిపిస్తే మిద్దెమీదికి వెళ్లి చెప్పండి.

ఇక కంపెనీ గురించి. మన దగ్గర పిలిచేవి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల గోదాములు, విద్యుత్ కేంద్రాలు, చీమకుర్తి గ్రానైటు యూనిట్లు, తడ దగ్గరి శ్రీసిటీ ఫ్యాక్టరీలు. వీటిలో ఒక్కోచోట అడిగేది ఒక్కో రకం. వెబ్‌సైటు చూసి స్థాపించిన సంవత్సరం బట్టీ పట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. లోపలికి ఏ సరుకు వస్తుంది, బయటికి ఏమై వెళ్తుంది, మధ్యలో మీ ఉద్యోగం ఎక్కడుంది అన్న మూడు సంగతులు తెలిస్తే ప్రశ్నలు మీకే తడతాయి.

రొయ్యల ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి బీఎస్సీ అమ్మాయి వెళ్తోందనుకుందాం. చెరువు దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలని. తల తీసి ఎగుమతి చేసే సరుకు మీద 16/20, 21/25 అని రాసేది పౌండుకి (సుమారు 454 గ్రాములకి) ఎన్ని అని. ఈ రెండూ కలిపేసి చెబితే ప్లాంటు ముఖం చూడలేదని తెలిసిపోతుంది. హెచ్‌ఎల్‌ఎస్‌ఓ అంటే తల తీసి పెంకు ఉంచినది, పీడీ అంటే పెంకు ఒలిచి నరం తీసినది, పీయూడీ అంటే ఒలిచి నరం ఉంచినది. గడ్డకట్టిన సరుకు లోపలి దాకా మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్స్ అనే నిషేధిత యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే యూరప్, అమెరికాల్లో కంటైనర్ ఆగిపోతుంది. తలకీ పెంకుకీ నల్లమచ్చ వచ్చేది కుళ్లు వల్ల కాదు, రొయ్యలోని ఎంజైము గాలితో కలవడం వల్ల. పట్టిన వెంటనే ఐసు వేస్తే అది నెమ్మదిస్తుంది, అందుకే ఐసు ఆలస్యమైన సరుకుని గ్రేడింగులో పక్కన పెడతారు.

తర్వాత లెక్క అడుగుతారు. 'చేతులు ముంచే తొట్టిలో వంద లీటర్ల నీళ్లున్నాయి. 20 పీపీఎం క్లోరిన్ కావాలి. 30 శాతం బ్లీచింగ్ పౌడరు ఎంత వేస్తావు?' పీపీఎం అంటే నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము. వంద లీటర్లకి 2,000 మిల్లీగ్రాములు, అంటే రెండు గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడరులో ఉన్నది 30 శాతమే కాబట్టి రెండుని 0.3తో భాగిస్తే దాదాపు ఆరు ముప్పావు గ్రాములు. జవాబు ఒక్కటే చెప్పకండి, లెక్క పైకి చెబుతూ చేయండి. చివర్లో భాగహారం తప్పినా దారి సరిగ్గా ఉంటే మార్కులు పడతాయి. ఆ మీదట 'పాత పౌడరైతే క్లోరిన్ తగ్గిపోయి ఉంటుంది, టెస్టు స్ట్రిప్పుతో చూసి సరిచేస్తాను సార్' అంటే ఎదుటివాళ్లు పెన్ను దించి మీ వైపు చూస్తారు.

వేరే కోర్సులకీ పద్ధతి ఇదే. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని మోటారుకి స్టార్ డెల్టా స్టార్టరు ఎందుకు అని అడుగుతారు. స్టార్‌లో మొదలుపెడితే లైన్ కరెంటు మూడో వంతుకి తగ్గుతుంది. టార్కు (తిప్పే బలం) కూడా మూడో వంతే అవుతుంది కాబట్టి నిండు లోడుతో ఎత్తుకోవాల్సిన మోటారుకి అది పనికిరాదు. చాలామంది మొదటి సగం చెప్పి ఆగిపోతారు, ఉద్యోగం తెచ్చేది రెండో సగం. బీకాం వాళ్లు నెలనెలా రిటర్ను వేసే వ్యాపారికి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువు 20 అని చెప్పి, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను) ఎలా సర్దుబాటవుతుందో ఒక బిల్లు వేసి చూపించగలిగేలా ఉండాలి.

'నీ గురించి చెప్పు' అన్నది తప్పకుండా వస్తుంది. ఒకటిన్నర నిమిషం దాటనివ్వొద్దు. ఊరు, చదువు ఒక్క వాక్యం. మీరు చేతులతో చేసిన పని మూడు నాలుగు వాక్యాలు. ఈ ఉద్యోగానికి అది ఎలా పనికొస్తుందో ఒక వాక్యం. ఉదాహరణకి ఇలా: 'మాది కొడవలూరు సార్. నెల్లూరులో డిప్లొమా మెకానికల్ చేశాను. చివరి ఏడాదిలో మా నలుగురం వరి గడ్డి కోసే చిన్న మిషను తయారుచేశాం. బ్లేడు, షాఫ్టు అమరిక నా పని. మొదట షాఫ్టు వణికింది, బేరింగు హౌసింగు రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉండటం వల్ల అని కొలిచి కనుక్కున్నాం. షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) పెట్టి సరిచేశాం. మెయింటెనెన్సులో ఇలాంటి పనే ఉంటుందని వచ్చాను.' నాన్నగారి వృత్తి, అన్నదమ్ముల లెక్క ఇందులో ఎక్కడా లేవు, అడిగితే చెప్పొచ్చు. 'హార్డ్ వర్కర్', 'క్విక్ లెర్నర్' అనేవీ లేవు. ఆ షిమ్ముల మాట అవి చెప్పాల్సింది చెప్పేసింది.

ఇంగ్లీషు భయం చాలామందికి గొంతు దాకా ఉంటుంది. పొడుగు వాక్యం మొదలుపెడితే మధ్యలో క్రియ దొరక్క తెగిపోతుంది. ఆరేడు పదాల వాక్యాలే వాడండి. పరిచయం వరకూ ఇంగ్లీషులో చెప్పి, పని వివరించేటప్పుడు 'సార్, ఇది తెలుగులో చెప్పొచ్చా?' అని అడగడంలో తప్పేం లేదు. షాప్ ఫ్లోర్ ఉద్యోగాలకి సాధారణంగా ఒప్పుకుంటారు. చెన్నై వైపు కంపెనీ అయితే ఎదుట కూర్చున్నవాళ్లకి తెలుగు రాకపోవచ్చు, దానికి పరిచయంతో పాటు ప్రాజెక్టు కూడా ఇంగ్లీషులో సాధన చేసుకుని వెళ్లండి. తెలియని ప్రశ్న వస్తే తెలిసినంత చెప్పి, ఇక్కడి నుంచి తెలియదు సార్ అనేయండి. కల్పించి చెబితే ఇంకో రెండు ప్రశ్నల్లో పట్టుకుంటారు, అప్పటిదాకా చెప్పిన నిజాల మీద కూడా నమ్మకం పోతుంది.

జీతం మాట వచ్చినప్పుడు సీటీసీకీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) చేతికొచ్చేదానికీ తేడా తెలిసి ఉండాలి. నెలకి 20,025 సీటీసీ అన్నారనుకోండి. అందులో గ్రాస్ (కోతలకి ముందు జీతం) 18,000, ఆ గ్రాస్‌లో బేసిక్ (మూల వేతనం) 12,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ (భవిష్యనిధి) బేసిక్‌లో 12 శాతం, 1,440. ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) గ్రాస్‌లో 3.25 శాతం, 585. ఈ రెండూ సీటీసీలో కలిపేశారు. మీ జీతం నుంచి పీఎఫ్ మరో 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం కింద 135, ప్రొఫెషనల్ ట్యాక్సు 150 పోతాయి. చేతికొచ్చేది 16,275. ఇందులో హాస్టలు, భోజనం, బస్సు ఖర్చు పోతే ఇంటికి ఎంత పంపగలరో ముందే వేసుకోండి, అప్పుడు 'ఎంత కావాలి?' అంటే నీళ్లు నమలక్కర్లేదు. బస్సు, క్యాంటీను, షిఫ్టులు, ఓవర్‌టైము, బాండు (ఇన్నాళ్లు మానేయకూడదనే ఒప్పందం) ఉందా లేదా అని అడగడం మర్యాద తప్పడం కాదు.

కాగితాలు వారం ముందే సర్దండి. పదో తరగతి మెమో, ఇంటర్ లేదా డిప్లొమా మెమో, డిగ్రీ ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, ఆరు ఫోటోలు, రెజ్యూమే మూడు కాపీలు, అన్నిటి జిరాక్సులు రెండు సెట్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే పీఎఫ్ ఖాతా తెరిచే రోజున చిక్కు వస్తుంది. ఆధార్ సెంటరులో ముందే సరిచేయించుకోండి, దానికి రోజులు పడతాయి. ఒరిజినల్స్ చూపించండి, ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ట్రైనింగు ఖర్చు అని ముందుగా డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, లేచి వచ్చేయండి. నాన్న అప్పు తెచ్చి కట్టిన డబ్బు అలా పోతే మళ్లీ చేతికి రాదు.

ఆ రోజు బట్టలు ఉతికి ఇస్త్రీ చేసినవైతే చాలు, కొత్తవి అక్కర్లేదు. ప్లాంటు లోపలికి తీసుకెళ్లి చూపించే అవకాశముంది కాబట్టి చెప్పులు వద్దు, ముందు మూసి ఉన్న బూట్లు వేసుకోండి. పెద్ద ఫ్యాక్టరీల్లో గేటు దగ్గర పేరు రాయించి, ఐడీ చూపించి, పాసు తీసుకునేసరికే అరగంట పోతుంది. పది గంటలకి పిలిస్తే తొమ్మిదింబావుకి గేటు దగ్గర ఉండండి. ఒంగోలు నుంచో మార్కాపురం నుంచో శ్రీసిటీకి వెళ్లేవాళ్లు ముందు రోజు సాయంత్రమే బయల్దేరి దగ్గర్లో పడుకోవడం మేలు. తెల్లవారుజామున రైలు పట్టి నిద్ర కళ్లతో వెళ్తే తెలిసిన జవాబు కూడా సమయానికి అందదు.

బయటికి రాగానే, బస్సెక్కే ముందే, అడిగిన ప్రశ్నలన్నీ ఫోన్లో రాసిపెట్టుకోండి. అదే రకం కంపెనీలు అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతాయి. వారం దాటినా కబురు రాకపోతే హెచ్‌ఆర్‌కి ఒక్కసారి ఫోన్ చేసి అడగండి, రోజూ చేయకండి. ఆఫర్ లెటర్ వస్తే సంతకం పెట్టే ముందు మీ పేరు స్పెల్లింగు, పని చేసే ఊరు, గ్రాస్ జీతం, ప్రొబేషన్ ఎన్ని నెలలు, మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు అన్నవి చదవండి. నోటితో చెప్పిన జీతం, కాగితం మీది జీతం వేరుగా ఉంటే చేరకముందే మెయిల్ పెట్టి అడగండి, జవాబు రాతలో వచ్చాకే సంతకం.