పావడా బొందు మడత కుట్టడం వస్తే చాలు

తిరుపతి కొర్లగుంటలో 20 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. అడవిలో చెట్ల మధ్య కట్టుకుని పడుకునే ఉయ్యాల కుడతానని ఏనాడూ అనుకోలేదు. తలకోన వెళ్లడానికి మా తమ్ముడు కొనబోయిన ఉయ్యాల ధర విని గుండె గుభేలుమంది. తీరా తిరగేసి చూస్తే మూడు మీటర్ల గుడ్డ, రెండు కొసల్లో మడత. పావడాకు బొందు ఎక్కించే మడతే అది!

58 అంగుళాల పన్నా ఉన్న పాలిస్టర్ గుడ్డ మూడుంబావు మీటర్లు తీసుకోండి. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. కరిగి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్, కాగితంలా కాలి బూడిదైతే నూలు. నూలు ఒంటికి హాయిగానే ఉంటుంది కానీ తడిస్తే బండలా బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు. గుడ్డను వెలుతురుకు పట్టి రెండు చేతులతో గట్టిగా లాగండి. పోగులు పక్కకు జరిగితే కొట్లోనే వదిలేయండి.

పొడుగు అంచులు సన్నగా మడిచి కుట్టండి. అడ్డం అంచులకు అంగుళంన్నర బొందు మడత వేయండి. దారం కూడా పాలిస్టర్‌దే వాడాలి. ఆ మడతలోనే తాడు దూర్చి వేలాడదీసేవాళ్లు ఉన్నారు. నాకు అది నచ్చదు. మనిషి బరువంతా కుట్టు మీద పడుతుంది. నా కుట్టు మీద నాకు నమ్మకం ఉంది, దారం మీద లేదు. అందుకే మడతలో దళసరి తాడు ముక్క దూర్చి, చీర కుచ్చిళ్లు పోసినట్టు కొసంతా వేళ్లతో దగ్గరికి చేర్చి, ఆ ఉబ్బుకు లోపలి వైపున గట్టి తాడు పది చుట్లు చుట్టి బిగిస్తాను. చెట్టుకు చుట్టే పట్టీని తగిలించే ఉచ్చు ఆ చుట్ల మీదే ఉంటుంది. ఉబ్బు అడ్డుపడుతుంది కాబట్టి ముడి జారదు.

ఇక డబ్బు ఖర్చు పెట్టవలసింది పట్టీల మీదే. మొదటిసారి చంద్రగిరి దగ్గర మామిడితోపులో నైలాన్ తాడుతో కట్టాం. రాత్రంతా సాగి సాగి తెల్లారేసరికి నా నడుము నేలను తాకింది. బెరడు కూడా కోసుకుపోయింది, తోట యజమానితో తిట్లు తిన్నాను. పుత్తూరు కట్టు దాకా పోనందుకు సంతోషించాను. ఇప్పుడు కారు సీటు బెల్టులే వాడుతున్నాను. పాత సామాన్ల కొట్లో దొరుకుతాయి. దాదాపు రెండంగుళాల వెడల్పు, సాగని పాలిస్టర్ నేత. ప్రమాదం జరిగిన బండిదీ, అంచు పీచులేచినదీ వద్దు.

బిగుతుగా కడితే గట్టిగా ఉంటుందనుకుంటాం. నిజానికి ఇది తలకిందుల లెక్క. పట్టీ నేలకు సమాంతరమైన గీత నుంచి 30 డిగ్రీలు వాలితే, 70 కిలోల మనిషికి ఒక్కో పట్టీ మీద 70 కిలోల లాగుడు పడుతుంది. అదే 10 డిగ్రీలకు బిగిస్తే 200 కిలోలు దాటుతుంది. కొలబద్ద అక్కర్లేదు. చూపుడువేలు నేలకు సమాంతరంగా చాపి, బొటనవేలు నిలబెట్టండి. ఆ రెండు కొసలనూ కలిపే ఏటవాలు దాదాపు 30 డిగ్రీలు. పట్టీ ఆ వాలులో ఉంటే చాలు. మొదట ఉయ్యాల నడిభాగం మోకాలెత్తులో ఉండేలా కట్టి, మెల్లగా కూర్చుని చూడండి. పడుకునేటప్పుడు కొంచెం ఐమూలగా పడుకుంటే వీపు వంగదు.

కింద నుంచి గాలి కొడుతుంది కాబట్టి హార్సిలీ హిల్స్ లాంటి చోట వీపు కింద నురుగు చాప పరచుకోవాలి. దోమతెర పాతదైనా పనికొస్తుంది. శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగల బెడద ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం పెట్టవద్దు.

పైకప్పు మాత్రం ఉచితం: పాత ఫ్లెక్సీ. బరువే గానీ చుక్క కారదు. నవంబరు వానల్లో నీళ్లు పట్టీ వెంట జారి ఉయ్యాలలోకి వస్తాయి. ఫ్లెక్సీ కిందే, పట్టీకి బూట్ల లేసు ఒకటి కట్టి వేలాడదీస్తే అక్కడే కారిపోతాయి. మాకు దొరికింది ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ. బొమ్మ లోపలికి పెట్టి కట్టాడు మా తమ్ముడు. "అక్కా, రాత్రంతా కొత్త దంపతులు నన్నే చూస్తున్నారు" అని మర్నాడు ఫోను.