పండక్కి ఊరెళ్లి వచ్చారా? బోర్డు చూసే ముందు ఇది చదవండి

నేను క్రాస్‌ఫిట్ కోచ్‌ని, అంటే బరువులు, కసరత్తులు కలిపి జోరుగా చేయించే జిమ్ పద్ధతి. పోయిన వారం మా పొద్దుటి బ్యాచ్ కుర్రాడు వాట్సాప్‌లో ఓ ఫొటో పంపాడు. గ్లాసులో పాలు కలపని డికాక్షన్‌లా ఉంది. డికాక్షన్ కాదు, వాడి మూత్రం. సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాలు జిమ్ మొహం చూడలేదు. సోమవారం వచ్చి, బోర్డు మీద ఉన్న వర్కవుట్ ఒక్క రెప్ తగ్గించకుండా పూర్తి చేశాడు. బుధవారానికి మోచేతులు చాపలేడు, మడవలేడు. వాళ్లమ్మ పచ్చకామెర్లనుకుని పసరు మందుకి బయల్దేరదీసింది. అదృష్టం బాగుండి ఫొటో నాకు పంపాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ బోర్డు రాసింది నేనే. గ్యాప్ ఎన్నాళ్లని అడగనిది కూడా నేనే.

వార్మప్ చేయండి, నీళ్లు తాగండి, నడుం వంచి బరువు ఎత్తకండి అని నేను చెప్పక్కర్లేదు, గోడ మీద రాసే ఉంటుంది. నేను చెప్పేది ఒక్కటే. ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టకండి.

వాడికి వచ్చినదాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు, జిమ్ భాషలో రాబ్డో. కండ కణాలు పగిలి లోపలి మయోగ్లోబిన్ రక్తంలో కలుస్తుంది. అది కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, ముదిరితే డయాలసిస్ దాకా పోతుంది. చిన్నప్పుడు బళ్లో వంద గుంజీళ్లు తీయించిన మర్నాడు మెట్లు దిగలేకపోయేవాళ్లం గుర్తుందా? ఆ నొప్పి మామూలుది. రాబ్డోలో నొప్పి చేసిన పనికి మించి ఉంటుంది, కండ వాచి గట్టిపడుతుంది, బలం పోతుంది.

కొత్తవాళ్లకే వస్తుందనుకుంటారు చాలామంది. నాకు ఎక్కువ భయం పాతవాళ్లతోనే. కొత్తవాడు పది బర్పీలకే (కింద పడుకుని లేచి ఎగిరే కసరత్తు) ఆయాసపడి కూలబడతాడు, ఆ ఆయాసమే వాణ్ణి కాపాడుతుంది. మీకు టెక్నిక్ తెలుసు, పాత స్కోరు గుర్తుంది, పక్కవాడి ముందు పరువు ఉంది. కండకి మాత్రం ఆ అలవాటు తప్పింది. 2011 జనవరిలో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో 13 మంది రాబ్డోతో ఆసుపత్రిలో చేరారు. సెలవుల నుంచి తిరిగొచ్చాక, తాము ఎత్తగల బరువులో సగంతో 100 స్క్వాట్స్, అదీ టైమ్ పెట్టుకుని చేశారు. వాళ్లు రోజూ సాధన చేసే ఆటగాళ్లు. మనమెంత?

ఇక ప్లాన్ సంగతి. సిండీనే తీసుకోండి, క్రాస్‌ఫిట్‌లో అందరికీ తెలిసిన వర్కవుట్. 5 పులప్స్, 10 పుషప్స్, 15 స్క్వాట్స్ కలిపి ఒక రౌండ్, 20 నిమిషాల్లో ఎన్నయితే అన్ని. పండక్కి ముందు 15 రౌండ్లు చేసేవాళ్లయితే అది 75 పులప్స్, 150 పుషప్స్, 225 స్క్వాట్స్. చెప్తుంటే చిన్నగానే ఉంటుంది, కూడితే తెలుస్తుంది. తిరిగొచ్చిన మొదటి వారం ఐదు రౌండ్లు చేసి బార్ వదిలేయండి. పులప్స్ బదులు రింగ్ రోస్ చేయండి, అంటే కాళ్లు నేల మీదే ఉంచి, వేలాడే రింగులు పట్టుకుని వెనక్కి వాలి ఒంటిని లాక్కోవడం. నేను పెట్టే లెక్క ఇది: మొదటి వారం మూడో వంతు, రెండో వారం సగం, మూడో వారం ముప్పావు. మొదటి వారం సోమ, బుధ, శుక్రవారాలే రండి. నొప్పి బయటపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, రోజూ వస్తే ఆ సంగతి తెలిసేలోపే దాని మీద ఇంకో దెబ్బ వేస్తారు.

రోజూ చేసేవాళ్లకి కూడా రోజూ మంట పుట్టించే వర్కవుట్ అక్కర్లేదు. క్రాస్‌ఫిట్ మొదట్నుంచీ చెప్పే పద్ధతి కూడా మూడు రోజులు చేసి ఒక రోజు ఆగమనే. ఆ మూడింట్లో ఒకటి బరువులకి, ఒకటి టెక్నిక్‌కి ఉంచితే, రొప్పించేది ఒక్కటే మిగులుతుంది. బోర్డు రాసే కోచ్‌లూ, ఇది మనకే.

మిగతావి వరసగా చెప్తా, వినండి.

నెగటివ్ పులప్స్ (బార్ పైనుంచి మెల్లగా కిందికి దిగడం), జీహెచ్‌డీ సిటప్స్ (పాదాలు బిగించే మెషీన్ మీద వెనక్కి బాగా వాలి లేవడం) మొదటి రెండు వారాలు ముట్టుకోవద్దు. కండ సాగుతూ బరువు ఆపే కదలికల్లోనే ఎక్కువ దెబ్బ తింటుంది.

నిన్న పులప్స్ చేస్తే ఇవాళ రోప్ క్లైంబ్ (తాడు ఎక్కడం) వద్దు, అదీ అవే కండల మీద పడుతుంది.

టైమర్ ఆపేయండి. స్కోరు రాయొద్దు.

జ్వరం తగ్గి వారం కాలేదా, రావొద్దు. డెంగీ అయితే డాక్టర్ సరేనన్నాకే.

రాత్రి మందు తాగారా, పొద్దున పడుకోండి.

కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఇంట్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు కోచ్‌కి ముందే చెప్పండి. ఈ ఇద్దరికీ ముప్పు ఎక్కువ.

ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మింగి క్లాసుకి రావొద్దు. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీకి ఇంకో పోటు.

మూడు రోజులదాకా మూత్రం రంగు చూసుకోండి. టీ రంగో, కోలా రంగో కనిపిస్తే ఆ గంటే ఆసుపత్రికి వెళ్లండి. నీళ్లు తాగి చూద్దాం అనొద్దు.

డాక్టర్‌కి జిమ్ సంగతి మీరే చెప్పండి, సీపీకే (కండ దెబ్బ చూపే రక్త పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయాలా అని అడగండి. చెప్పకపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు.

పసరు వద్దు.

మా జిమ్ వాళ్లకి: పది రోజులు దాటి వచ్చినవాళ్లు బోర్డు దగ్గరికి కాదు, ముందు నా దగ్గరికి రండి. మీరు ఎంత చేయాలో చీటీ మీద రాసిస్తా. అది చూసి పక్కవాడు నవ్వితే వాణ్ణి కూడా పంపండి.