యూరినరీ డైవర్షన్ కోడింగ్: క్లెయిమ్ ఎందుకు తిరిగొస్తోంది, ఎక్కడ సరిచేయాలి

చెన్నైలో పెరుంగుడి నుంచి అంబత్తూరు దాకా అమెరికా ఆసుపత్రుల చార్టులు (రోగి రికార్డులు) చదివి బీమా క్లెయిమ్‌కి కోడ్లు వేసే కోడర్లలో నెల్లూరు, ఒంగోలు, తిరుపతి నుంచి వచ్చిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. మా ఫ్లోర్‌లో యూరాలజీ ఆడిట్ నాది. మూత్రాశయం తీసేసి మూత్రానికి కొత్త దారి పెట్టే ఆపరేషన్లలో నాకు కనిపించే తప్పులకి మూలం దాదాపు ఒకటే. ఆప్ నోట్ (సర్జన్ రాసే ఆపరేషన్ నివేదిక) మొదట్లో ఉన్న ఆపరేషన్ పేరు చూసి కోడ్ వేసేస్తారు, కింద సర్జన్ ఏం చేశారో పూర్తిగా చదవరు.

మా ఊరివైపు కాలువ మళ్లించారంటే రైతు మొదట అడిగేది ఎక్కడినుంచి ఎక్కడికి అని. మనం అడగాల్సిందీ అదే. యూరేటర్లని (కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే నాళాలు) ఎక్కడ కోశారు? దేనికి కలిపారు? మూత్రం చివరికి ఎటునుంచి బయటికొస్తోంది? పాత బ్లాడర్ ఉందా, తీసేశారా? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద రాసుకున్నాకే కోడ్ బుక్ తెరవండి.

సమస్య: సిస్టెక్టమీకి డబ్బొచ్చింది, కాండ్యుయిట్ డినై అయింది

చార్టులో బ్లాడర్ మొత్తం తీసేశారు (సిస్టెక్టమీ), ఇలియల్ కాండ్యుయిట్ పెట్టారు, అంటే చిన్నపేగు చివరి భాగమైన ఇలియం ముక్కతో మూత్రానికి బయటికి దారి కట్టారు. కోడర్ 51570 ఒకటి, 50820 ఒకటి వేశారు. రెండోది తిరిగొచ్చింది.

కారణం: ఈ రెండు పనులూ ఒకే సిట్టింగ్‌లో జరిగితే సీపీటీలో (డాక్టర్ల పనికి బిల్ వేసే అమెరికా కోడ్ పుస్తకం) వాటికి కలిపి ఒకే కోడ్ ఉంది. 50820 దగ్గర కింద చిన్న అక్షరాల్లో ఆ సూచన ఉంటుంది, సిస్టెక్టమీతో కలిస్తే 51580 నుంచి 51595 వరకు చూడమని. కుండలీకరణాల్లో ఉండే ఆ వాక్యాలు చదవడం అలవాటైతే సగం డినయల్స్ పుట్టవని నా నమ్మకం.

పరిష్కారం: కాండ్యుయిట్‌తో సిస్టెక్టమీ అయితే 51590. రెండువైపులా పెల్విక్ లింఫ్ నోడ్స్ (కటిభాగంలోని శోషరస గ్రంథులు) కూడా తీస్తే 51595. యూరేటర్లని నేరుగా చర్మానికో సిగ్మాయిడ్‌కో (పెద్దపేగులో ఓ భాగం) కలిపితే 51580, నోడ్స్‌తో అయితే 51585. పేగుతో కొత్త బ్లాడర్ కట్టినా, లోపలే మూత్రం నిలిచే కాంటినెంట్ డైవర్షన్ చేసినా 51596. దీనికి నోడ్స్‌తో కలిపిన జంట కోడ్ లేదు. అందుకే నోడ్స్ తీసినట్టు నోట్‌లో స్పష్టంగా ఉంటే 38770 సంగతి విడిగా చూడాలి, పంపేముందు ఆ క్వార్టర్ ఎన్‌సీసీఐ ఎడిట్స్‌తో (ఏ కోడ్లు కలిపి వేయకూడదో చెప్పే జాబితా) సరిపోల్చుకోవాలి. పేగు ముక్క కోసి మిగతా పేగుని తిరిగి కలపడం కాండ్యుయిట్ కోడ్‌లోనే ఉంది. దానికోసం 44120 కలపకండి.

దీనికి తిరగేసిన తప్పు కూడా వస్తుంది. రేడియేషన్ వల్ల పాడైన బ్లాడర్‌ని అలాగే వదిలేసి కాండ్యుయిట్ మాత్రమే పెట్టిన చార్టుకి 51590 వేస్తారు. తీయని అవయవాన్ని తీసినట్టు బిల్ చేయడం చిన్న విషయం కాదు. అక్కడ సరైనది 50820. రెండు యూరేటర్లనీ కలిపితే మోడిఫయర్ 50 (రెండువైపులా చేశారని చెప్పే అదనపు అంకె) పెట్టాలని పుస్తకమే చెబుతోంది.

సమస్య: నియోబ్లాడర్‌కి కాండ్యుయిట్ కోడ్ పడింది

కొత్తవాళ్లని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. రెండింట్లోనూ ఇలియం వాడతారు కాబట్టి నోట్‌లో "ఇలియల్" అని కనిపించగానే చెయ్యి కాండ్యుయిట్ వైపు పోతుంది.

పేగు ముక్క ఏమైందో చూడండి. దాన్ని గొట్టంలాగే ఉంచి ఒక చివర పొట్ట మీద స్టోమాగా (మూత్రం బయటికొచ్చే రంధ్రం) తెరిస్తే కాండ్యుయిట్. మూత్రం ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, బయట సంచి తప్పదు. అదే పేగుని నిలువునా చీల్చి, మడిచి, సంచిలా కుట్టి యురెత్రాకి (మూత్రం బయటికొచ్చే సహజ నాళం) కలిపితే నియోబ్లాడర్. సంచిలా కుట్టి చర్మం దాకా సన్నటి దారి పెట్టి, రోగి కాథెటర్‌తో తీసుకునేలా చేస్తే కాంటినెంట్ క్యుటేనియస్ పౌచ్. సర్జన్లు వాడే పేర్లు కూడా గుర్తుంచుకోండి. బ్రికర్ అంటే కాండ్యుయిట్, స్టూడర్ అంటే నియోబ్లాడర్, ఇండియానా అంటే కాంటినెంట్ పౌచ్. పేరు చూసి నమ్మినా, "డీట్యూబులరైజ్డ్" (గొట్టాన్ని చీల్చి విప్పినది), "యురెత్రల్ అనాస్టొమోసిస్" (యురెత్రాకి కలపడం) లాంటి మాటలు నోట్‌లో దొరికేదాకా కోడ్ ఖాయం చేయకండి.

మా పెదనాన్నకి కాండ్యుయిట్ ఉండేది. పొట్ట మీద సంచితోనే పొలానికి వెళ్లేవారు, గట్టు పక్కన కూర్చుని ఖాళీ చేసుకునేవారు. ఆయన్ని చూశాక ఈ తేడా నాకు పుస్తకంలో విషయంగా అనిపించలేదు. సంచి ఉన్న మనిషికి లేదని రికార్డులో పడితే, రేపు స్టోమా సామాన్ల బిల్లు ఆగేది ఆ మనిషికే.

సమస్య: రోబోటిక్ చార్టు ఆడిట్‌లో పట్టుబడింది

51590 వరుస కోడ్లు ఓపెన్ సర్జరీవి. 51596 వివరణలోనే "ఓపెన్ టెక్నిక్" అన్న మాట ఉంది. పొట్ట మీద చిన్న రంధ్రాలతో చేసినదానికి అవి వేయకూడదు. ఆ ఏడాది సీపీటీలో సరైన ల్యాపరోస్కోపిక్ కోడ్ ఉందేమో వెతికి, లేకపోతే 51999 అన్‌లిస్టెడ్ కోడ్ వాడాలి. దాంతోపాటు ఆప్ నోట్, పోల్చదగిన ఓపెన్ కోడ్ ఏదో చెప్పే చిన్న వివరణ జతచేయాలి. అవి లేకుండా అన్‌లిస్టెడ్ పంపితే క్లెయిమ్ కదలదు.

ఇన్‌పేషెంట్ వైపు వేరే చిక్కు. పేగుని బయటికి తీసి కలపడానికి గాటు కాస్త పెంచితే చాలామంది అప్రోచ్‌ని (లోపలికి వెళ్లిన పద్ధతి) ఓపెన్‌గా మార్చేస్తారు. ఐసీడీ-10-పీసీఎస్ (ఇన్‌పేషెంట్ ఆపరేషన్లకి వేసే కోడ్ల పద్ధతి) మార్గదర్శకం బీ5.2బీ ప్రకారం, అవయవం తీయడానికో గొట్టంలాంటి భాగాన్ని కలపడానికో గాటు పెంచినా అది పర్‌క్యుటేనియస్ ఎండోస్కోపిక్‌గానే (చిన్న రంధ్రాల ద్వారా చేసినట్టే) ఉంటుంది. రోబో వాడినందుకు 8ఈ0డబ్ల్యూ4సీజెడ్ అదనంగా వేయాలి.

సమస్య: ఇన్‌పేషెంట్ చార్టుకి ఒకే పీసీఎస్ కోడ్ ఉందని క్యూఏ (నాణ్యత తనిఖీ బృందం) వెనక్కి పంపింది

సీపీటీలో పని నేర్చుకుని ఇటు వచ్చినవాళ్లకి ఒక ఆపరేషన్‌కి ఒక కోడ్ అలవాటు. పీసీఎస్‌లో ప్రతి లక్ష్యానికీ విడిగా వేయాలి. ఓపెన్‌గా చేస్తే బ్లాడర్ తీసినందుకు 0టీటీబీ0జెడ్‌జెడ్. రెండు యూరేటర్లని ఇలియల్ స్టోమాకి మళ్లించినందుకు 0టీ180జెడ్‌సీ. బైపాస్‌లో (మళ్లింపు కోడ్‌లో) నాలుగో అక్షరం ఎక్కడినుంచో, ఏడోది ఎక్కడికో చెబుతాయి. మా ఊరి రైతు అడిగేది కూడా ఇదే. మగవాళ్లలో ప్రోస్టేట్, సెమినల్ వెసికిల్స్ కూడా తీస్తే 0వీటీ00జెడ్‌జెడ్, 0వీటీ30జెడ్‌జెడ్ తప్పక చేరాలి. నోడ్స్ గొలుసు మొత్తం తీస్తే రిసెక్షన్, కొన్ని మాత్రమే తీస్తే ఎక్సిషన్.

సమస్య: ఫాలోఅప్ విజిట్‌లో డయాగ్నసిస్ ఎడిట్

స్టోమా ఇరుకైందని వచ్చిన రోగికి ఎన్99.524 వేసి, పక్కనే స్టోమా ఉందని జెడ్93.6 కూడా వేస్తారు. ఈ రెండింటి మధ్య ఎక్స్‌క్లూడ్స్1 (రెండూ కలిపి వేయకూడదన్న సూచన) ఉంది. సమస్య ఉన్న స్టోమాకి ఎన్99.52 వరుస, ఏ సమస్యా లేకపోతేనే జెడ్93.6. కాంటినెంట్ స్టోమా అయితే ఎన్99.53 వరుసకి వెళ్లాలి. బ్లాడర్ తీసేసి చికిత్సంతా ముగిసిన రోగికి ఇంకా సీ67 (బ్లాడర్ క్యాన్సర్) వేయకండి, జెడ్85.51 (గతంలో బ్లాడర్ క్యాన్సర్ ఉండేది) వేయండి. స్టోమాని మళ్లీ సరిచేస్తే 50727. అది మొదటి సర్జరీ అయిన 90 రోజుల్లోపు, ముందుగా అనుకోకుండా, దాని వల్ల వచ్చిన ఇబ్బందికి ఆపరేషన్ థియేటర్‌లో జరిగితే మోడిఫయర్ 78.

సమస్య: నోట్ ఎంత చదివినా మూత్రం ఎటు పోయిందో తెలియడం లేదు

ఊహించి వేయకండి, సర్జన్‌కి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపండి. కానీ "ఇది కాండ్యుయిటేనా?" అని అడిగితే మీరే జవాబు అందించినట్టవుతుంది, ఆ క్వెరీ చెల్లదు. ఇలా రాయండి: "ఆపరేషన్ పేరులో యూరినరీ డైవర్షన్ అని ఉంది. యూరేటర్లని దేనికి కలిపారో, వాడిన పేగు భాగం చివర ఎక్కడ తెరుచుకుంటుందో దయచేసి నోట్‌లో తెలియజేయగలరు." జవాబు వచ్చేదాకా చార్టుని హోల్డ్‌లో ఉంచండి.