రోడ్‌మ్యాప్ రాజకీయాల మధ్య పని నడిపించుకోవడం ఎలా?

ప్రొడక్ట్ టీముల్లో రాజకీయం చాలావరకు రోడ్‌మ్యాప్ దగ్గరే, అంటే ఏ పని ఎప్పుడు చేయాలో తేల్చే ప్రణాళిక దగ్గరే పుడుతుంది. సేల్స్ వారు పెద్ద కస్టమరుకు మాట ఇచ్చి వచ్చిన ఫీచరు, ప్రొడక్ట్ మేనేజరు నమ్ముకున్న కొత్త ఆలోచన, ఇంజినీర్లు ఎప్పటి నుంచో అడుగుతున్న పాత కోడ్ మరమ్మతు, ఈ మూడూ ఒకే త్రైమాసికంలోని ఒకే కొద్దిమంది సమయం కోసం పోటీ పడతాయి. అందువల్ల ఎదుటివారి గుణగణాలను విచారించే ముందు, వారు దేనికి జవాబుదారీగా ఉన్నారో తెలుసుకోవడం మేలు.

మొదట, నిర్ణయం నిజంగా ఎవరి చేతిలో ఉందో కనిపెట్టండి. హోదాల పట్టిక ఇది చెప్పదు. గడిచిన ఒకటి రెండు రిలీజుల్లో ఎవరు అడిగితే తేదీ మారిందో, ఎవరు కాదంటే పని ఆగిపోయిందో గమనిస్తే తెలుస్తుంది. ప్రధాన కార్యాలయం అమెరికాలో ఉన్న హైదరాబాదు టీములకు ఇది మరీ ముఖ్యం. సియాటిల్‌లో ఉదయం 9 గంటలకు పెట్టిన సమావేశం ఇక్కడ వేసవిలో రాత్రి 9.30కు, శీతకాలంలో 10.30కు మొదలవుతుంది, అది ముగిశాక అక్కడివారు కాఫీ తాగుతూ తేల్చుకునే విషయాలు మన చెవిన పడేసరికి మర్నాడవుతుంది. అక్కడ మన తరఫున మాట్లాడగల వ్యక్తి ఒకరైనా ఉండాలి.

సమావేశానికి ముందే ముఖ్యులతో విడివిడిగా మాట్లాడండి. దీన్ని లాబీయింగ్ అని ఈసడించేవారున్నారు కానీ, అందరికీ ఒకే మాట చెబుతున్నంతకాలం ఇందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం. సేల్స్ హెడ్‌కు చెప్పిన మాటను ఇంజినీరింగ్ మేనేజరు ఎదుట అనలేమనిపిస్తే, దాన్ని ఎక్కడా అనకండి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది రాతపూర్వక నోట్ మీద. సమావేశం ముగిసిన రోజే, అడిగినది దక్కనివారితో సహా అందరికీ పంపాలి. అది ఇంత చిన్నదైనా చాలు:

“చెల్లింపుల పేజీ మార్పు ఈ త్రైమాసికంలో చేస్తాం. సెర్చ్ వేగం పెంచే పని వాయిదా వేశాం. కారణం: రెండింటికీ కావలసినది ఒకే బ్యాకెండ్ ఇంజినీర్ల బృందం. నిర్ణయించినది: ప్రొడక్ట్ హెడ్. లోడ్ టెస్ట్ ఫలితాలు వచ్చాక మళ్లీ చూస్తాం.”

ఇందులో ప్రాణం రెండో వాక్యం. ఏది చేస్తామో అందరూ రాస్తారు, ఏది చేయడం లేదో రాయకపోతే, “సెర్చ్ ఎందుకు ఇంకా నెమ్మదిగా ఉంది?” అన్న ప్రశ్న మూడు నెలల తర్వాత మీ టీము తలకే చుట్టుకుంటుంది.

ఒక సంస్థ రూపొందించే వ్యవస్థ ఆ సంస్థలోని సంభాషణల నిర్మాణాన్నే పోలి ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో రాశారు. మాటలు లేని రెండు టీముల మధ్య ఉన్న ఏపీఐలో (వారి సాఫ్ట్‌వేర్ భాగాలను కలిపే వారధిలో) బగ్గులు పేరుకుపోవడం, ప్రతి టికెట్టూ (నమోదైన ఫిర్యాదూ) “ఇది మాది కాదు” అంటూ అటూ ఇటూ తిరగడం ఇందుకు నిదర్శనం. అటువంటి చోట ఆ ఏపీఐకి ఒక్క యజమానిని పేరుతో సహా నిర్ణయించమని పైవారిని అడగండి.

క్రెడిట్ విషయంలో డెమో మీరే ఇస్తున్నా, పని చేసినవారి పేర్లు మొదటి స్లైడులోనే చెప్పండి; టెస్టింగ్ వారిని మరవకండి.

ఇక ఎస్కలేషన్, అంటే వివాదాన్ని పైవారి దాకా తీసుకెళ్లడం, తప్పనిసరైతే, అవతలి టీము లీడ్‌కు ముందుగా చెప్పి, వీలైతే ఇద్దరి వాదనలూ ఒకే మెయిల్‌లో పెట్టి, ఏ తేదీలోగా నిర్ణయం కావాలో స్పష్టంగా రాసి, ఇద్దరి పేర్లతో పంపండి.