చెరువు గట్టున పక్షుల లెక్క, బొమ్మ

గీతల్లేని నోటుపుస్తకం, 2బీ పెన్సిల్, 8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. ముందు పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో చెక్‌లిస్ట్ (చూసిన పక్షుల జాబితా) మొదలుపెట్టి, కనీసం 15 నిమిషాలు కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ లెక్కించండి. అరుదైనవే రాస్తే ఆ జాబితాకు విలువ తగ్గుతుంది. ఏవి కనిపించలేదో అందులో తెలియదు.

తర్వాతే బొమ్మ. కోడిగుడ్డు ఆకారంలో ఒళ్లు, చిన్న సున్నాతో తల గీసి, ముక్కు తలకు ఎన్ని రెట్లుందో చూడండి. రంగులు వేయక్కర్లేదు, బాణం గీసి రాస్తే సరి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో కనిపించే ఎర్రకాళ్ల కొంగకు పసుపు ముక్కు, కొస కాస్త కిందికి వంగి ఉంటుంది. నత్తగుల్ల కొంగకైతే ముక్కు మూసినా మధ్యలో సందు. ఇంటికెళ్లి పుస్తకాల్లో బొమ్మలు చూసి దిద్దకండి, చూడనిది గీసినట్టవుతుంది. పేజీ ఫొటోను చెక్‌లిస్ట్‌కు జతచేయండి.

గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. తల్లి పక్షి బెదిరి ఎగిరిపోతే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి.